పసుపు కొమ్ము నుంచి రంగు తీసి వాడుకోవడం ఎలా

పసుపుతో రంగు వేయబోయి నిరాశపడినవారు చెప్పే ఇబ్బందులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. నీళ్లలో ఎంత కలిపినా పొడి అడుగున మేట వేస్తుందే తప్ప కరగదు. గుడ్డకు చక్కగా పట్టిన రంగు నాలుగు రోజులు ఎండ తగిలేసరికి వెలిసిపోతుంది. సబ్బు పెట్టగానే పచ్చటి బట్ట ఎర్రబడి కంగారు పెడుతుంది. ఇవి చేసేవారి పొరపాట్లు కావు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం నీటితో పొసగదు, వెలుతురుకు ఓర్వదు, క్షారం తగిలితే రంగు మార్చుకుంటుంది. ఈ మూడు గుణాలను మొదటే గుర్తుపెట్టుకుంటే కింద వివరించబోయే పనుల్లో ఏ మెట్టు ఎందుకు ఉందో మీకే బోధపడుతుంది, కొలతలు కొంచెం అటూఇటూ అయినా పని చెడకుండా సర్దుకోగలుగుతారు.

కర్క్యుమిన్‌ను 1815లో వోగెల్, పెల్లెతియే అనే శాస్త్రవేత్తలు మొదటిసారి వేరుచేశారు. అయితే దాని అణువు నిర్మాణం తేలడానికి 1910 వరకు, దాన్ని ప్రయోగశాలలో తయారు చేయడానికి 1913 వరకు ఆగవలసి వచ్చింది. రెండు చివరల్లో రెండు వలయాలు, వాటిని కలుపుతూ మధ్యలో ఒంటి బంధాలు, జంట బంధాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే పొడవైన గొలుసు ఉండటం దాని ఆకృతి. ఆ గొలుసు వెలుతురులోని నీలి భాగాన్ని, ముఖ్యంగా 425 నానోమీటర్ల పరిసరాల్లోని కిరణాలను, పీల్చుకుంటుంది కాబట్టి మిగిలిన వెలుగు మన కంటికి పసుపుపచ్చగా కనిపిస్తుంది. నిజానికి కొమ్ములో ఉండేది ఒక్క కర్క్యుమిన్ మాత్రమే కాదు. దాని తోబుట్టువుల వంటి మరో రెండు పదార్థాలు కూడా కలిసే ఉంటాయి. మూడింటినీ కలిపి కర్క్యుమినాయిడ్లు అంటారు. ఎండిన కొమ్ము బరువులో ఇవన్నీ కలిపి సాధారణంగా నూటికి 2 నుంచి 5 పాళ్లు మాత్రమే ఉంటాయి. తక్కినదంతా పిండిపదార్థం, పీచు, సువాసన నూనెలు, జిగురు. కాబట్టి 10 గ్రాముల పొడి నుంచి మీకు అందగల అసలు రంగు మహా అయితే అర గ్రాము. ఆ కాస్తే లీటర్ల కొద్దీ ద్రావణానికి రంగు వేయగలదు కాబట్టి ఈ లెక్క చూసి నిరుత్సాహపడనక్కర్లేదు.

ముందుగా పొడి సంగతి

రంగు పనికి కొమ్ములు తెచ్చుకుని మీరే పొడి చేసుకోవడం మేలు. కారణం కల్తీ. పసుపు పొడిలో, ఒక్కోసారి కొమ్ములపై మెరుగు కోసం పూసే పూతలోనూ, సీసంతో కూడిన లెడ్ క్రోమేట్, మెటానిల్ యెల్లో అనే కృత్రిమ రంగు కనిపించిన సందర్భాలు ఉన్నాయి. మొదటిది విషం, రెండవది ఆహారంలో కలపకూడని రంగు. అందువల్ల కొమ్ములను గట్టి బ్రష్‌తో రుద్ది కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, రోట్లో నలగగొట్టి మిక్సీలో వేయండి. సరిగా ఎండిన కొమ్ము విరిచినప్పుడు టప్పున విరుగుతుంది, లోపల నారింజ ఛాయ ముదురుగా కనిపిస్తుంది. వంగితే ఇంకా తేమ ఉన్నట్టు. పొడిని పల్చని గుడ్డలో జల్లించి మెత్తటి భాగాన్నే తీసుకోండి, ఎందుకంటే రేణువు ఎంత సన్ననిదైతే దానిలోని రంగు అంత త్వరగా బయటికి వస్తుంది.

కొన్న పొడినే వాడదలిస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. చిటికెడు పొడిని కొద్దిగా స్పిరిట్‌లో కలిపి, ఆ తేటలో కొన్ని చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే మెటానిల్ యెల్లో ఉన్నప్పుడు గులాబీ, ఊదా రంగు వస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు: గాఢమైన ఆమ్లం తగిలితే స్వచ్ఛమైన పసుపు కూడా ఎర్రబడుతుంది. తేడా తెలిసేది ఆ తర్వాత నీళ్లు పోసినప్పుడు. పసుపు వల్ల వచ్చిన ఎరుపు పలచబడగానే పోతుంది, కృత్రిమ రంగు వల్ల వచ్చిన గులాబీ నిలుస్తుంది. ఆమ్లాన్ని చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. తగిన వసతి లేకపోతే ఈ పరీక్ష జోలికి పోకుండా కొమ్ములనే ఎంచుకోవడం ఉత్తమం.

రంగును బయటికి తీయడం

పని మొదలుపెట్టేముందు రెండు గాజు గ్లాసులతో ఒక ప్రయోగం చేయండి. ఐదు నిమిషాల పని, కానీ ఆ తర్వాతి గంటలన్నిటికీ ఇదే దారి చూపుతుంది. ఒక గ్లాసులో నీళ్లు, ఇంకొకదానిలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి రెండింట్లోనూ సమానంగా చిటికెడు పొడి వేసి కదపండి. నీళ్ల గ్లాసు బురదనీళ్లలా మసకబారి, కొంతసేపటికి పొడి అడుగుకు చేరాక పైన లేత పచ్చ నీరు మిగులుతుంది. ఆల్కహాల్ గ్లాసులో మాత్రం పడుతున్న రేణువుల వెంట పచ్చటి దారాలు సాగుతూ కనిపిస్తాయి, నిమిషంలోపే ద్రవమంతా గాజులా తేటగా, నారింజ పసుపుగా మారుతుంది. నోట్లను పరీక్షించే అతినీలలోహిత దీపం మీ దగ్గర ఉంటే గదిని చీకటి చేసి రెండు గ్లాసుల మీదా వేసి చూడండి: ఆల్కహాల్ గ్లాసు ఆకుపచ్చ కలిసిన పసుపు కాంతితో వెలుగుతుంది, నీళ్ల గ్లాసు దాదాపు మౌనంగా ఉంటుంది. కరిగిన రంగుకూ, కరగక తేలే రంగుకూ మధ్య ఉన్న తేడా ఇంతకన్నా స్పష్టంగా మరెక్కడా కనబడదు.

ఇక అసలు పని. మూత గట్టిగా పట్టే గాజు సీసాలో 10 గ్రాముల పొడి, 100 మిల్లీలీటర్ల ఆల్కహాల్ తీసుకోండి. గుడ్డలకూ పరీక్ష కాగితాలకూ వాడే సారమైతే మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు, అది ఎంత తక్కువ నీటితో ఉంటే అంత మంచిది. నోట్లోకి పోయే దేనికైనా ఇది పనికిరాదు. చెక్క మెరుగుకు వాడే మిథైలేటెడ్ స్పిరిట్ మరీ ప్రమాదకరం, అందులో మిథనాల్ ఉంటుంది. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ కూడా వద్దు, దానిలో చిక్కదనం కోసం కలిపే పదార్థాలు వడపోత కాగితాన్ని మూసేస్తాయి.

సీసాను బాగా కుదిపి, మొదటి గంటలో పది నిమిషాలకొకసారి కదుపుతూ, ఆ తర్వాత రాత్రంతా చీకటి అలమరలో కదల్చకుండా ఉంచండి. తొందరగా కావాలంటే సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టవచ్చు, కానీ ఆ నీళ్లను వేరేచోట కాచి తెచ్చుకోవాలి. ఆల్కహాల్ ఆవిరి బరువైనది, నేలబారుగా పాకి మంటను అందుకోగలదు కాబట్టి వెలుగుతున్న పొయ్యి ఉన్న గదిలో ఈ పని చేయకండి. వేడినీళ్లలో ఉంచినప్పుడు మూతను వదులుగా పెట్టండి.

మర్నాటికి మడ్డి అడుగున గట్టిగా పేరుకుంటుంది. పైనున్న తేటను కదిలించకుండా నెమ్మదిగా వంచి వడపోత కాగితం గుండా మరో సీసాలోకి దించండి. మడ్డి ఇంకా పచ్చగానే ఉందని మీరు గమనిస్తారు. దాని మీద మరో 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్ పోసి ఇదే పని ఇంకోసారి చేస్తే మిగిలిన రంగులో చాలా భాగం వస్తుంది. మూడోసారి చేయడం నా దృష్టిలో శ్రమదండుగ.

ఈ సారాన్ని నాలుగు చుక్కలు నీళ్లలో వేసి చూడండి. తేటగా ఉన్న ద్రవం క్షణంలో పాలలా మసకబారుతుంది, ఎందుకంటే ఆల్కహాల్ పలచబడగానే రంగు కరిగి ఉండలేక కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా విడిపోతుంది. గుడ్డకు రంగు వేసేటప్పుడు జరిగేది కూడా దాదాపు ఇదే, అక్కడ ఆ రేణువులు, వాటి నుంచి కొంచెం కొంచెంగా కరిగే అణువులు నూలును చేరుకుంటాయి.

ద్రవాన్ని వెడల్పాటి గాజు పళ్లెంలో పోసి, గాలి ఆడే చోట, నీడలో, దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పి ఆరనిస్తే నారింజ గోధుమ రంగులో జిగటగా ఒక పదార్థం మిగులుతుంది. ఇది శుద్ధమైన కర్క్యుమిన్ కాదు. సువాసన నూనె, జిగురు అన్నీ కలిసిన సారం. శుద్ధ కర్క్యుమిన్ పొడిగా, స్ఫటికాలుగా ఉంటుంది, సుమారు 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆ శుద్ధికి వాడే ద్రావకాలు ఇంట్లో ఉంచుకోదగినవి కావు. మన అవసరాలకు ఈ జిగట సారమూ, చాలా సందర్భాల్లో ఆరబెట్టని ద్రవమూ సరిపోతాయి.

పరీక్ష కాగితాలు

క్షారాన్ని గుర్తించే కాగితం చేయడం ఈ రంగుతో చేయగల పనుల్లోకెల్లా సులువైనది, పిల్లలకు రసాయన శాస్త్రం మీద ఆసక్తి కలిగించడానికి ఇంతకు మించిన సాధనం నాకు తెలియదు. దళసరి వడపోత కాగితాన్ని వేలి వెడల్పు పట్టీలుగా కత్తిరించి, సారంలో ఒక నిమిషం ముంచి, దారానికి క్లిప్పులతో తగిలించి నీడలో ఆరబెట్టండి. గంటలో ఆరిపోతాయి. పట్టీని చేతితో ముట్టుకునేముందు చేతికి సబ్బు తడి లేకుండా చూసుకోండి, లేకపోతే మీ వేలిముద్ర ఎర్రగా దాని మీద నిలుస్తుంది.

నిమ్మరసం, వెనిగర్, మామూలు నీళ్లు తాకిస్తే పట్టీ పచ్చగానే ఉంటుంది. వంటసోడా కలిపిన నీటికి కొద్దిగా నారింజ వైపు తిరుగుతుంది, సబ్బు నీటికి ఎర్రటి గోధుమ రంగు వస్తుంది, సున్నపు తేటకు ముదురు రక్తవర్ణం వస్తుంది. ద్రవం ఆమ్లమో క్షారమో తెలిపే కొలత అయిన పీహెచ్ సుమారు 7.4 నుంచి 8.6 వరకు ఉండే మేరలో ఈ మార్పు జరుగుతుంది. అణువు చివరల ఉన్న వలయాల నుంచి క్షారం హైడ్రోజన్‌ను లాగేసుకున్నప్పుడు ఆ పొడవైన గొలుసు పీల్చుకునే వెలుతురు మారడం దీనికి కారణం. ఎర్రబడిన చోట ఒక చుక్క వెనిగర్ వేస్తే మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. అయితే ఈ రాకపోకలు ఎంతకాలమైనా సాగవు: క్షారంలో కర్క్యుమిన్ వేగంగా విరిగిపోతుంది. ఎర్రటి ద్రావణాన్ని కొన్ని గంటలు అలాగే వదిలేసి తర్వాత ఆమ్లం కలిపితే మొదటి రంగు పూర్తిగా తిరిగి రాదు.

ఈ కాగితం ఆమ్లానికీ నీటికీ తేడా చెప్పలేదన్నది దీని లోపం. దానికి ఒక ఉపాయం ఉంది. కొన్ని పట్టీలను చాకలి సోడా కలిపిన పలుచని నీటిలో ఒక్కసారి ముంచి తీసి, ఎర్రబడ్డాక ఆరబెట్టి, విడిగా ఉంచుకోండి. వీటిమీద ఆమ్లం పడితే పడిన చోట పచ్చటి చుక్క తేలుతుంది. పైన చెప్పిన కారణం వల్ల ఈ ఎర్ర పట్టీలు ఎక్కువ కాలం నిలవవు, ఆ రోజు అవసరానికి ఆ రోజే చేసుకోవాలి.

ప్రయోగశాల వసతి ఉన్నవారు బోరిక్ ఆమ్లం పరీక్ష కూడా చేయవచ్చు. బోరిక్ ఆమ్లపు నీటిలో కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి పట్టీని ముంచి ఆరబెడితే ఎర్రటి గోధుమ రంగు వస్తుంది. చుట్టూ ఆమ్లం ఉన్నా వచ్చిన ఎరుపు ఇది కాబట్టి క్షారం వల్ల వచ్చినది కాదని తేలిపోతుంది. దాని మీద అమ్మోనియా వంటి క్షారం తగిలితే ఆకుపచ్చ కలిసిన నలుపులోకి తిరుగుతుంది. బోరిక్ ఆమ్లంలోని బోరాన్ అనే మూలకంతో కర్క్యుమిన్ కలిసి ఏర్పడే రోసోసయనిన్ అనే పదార్థం దీనికి మూలం. బోరాన్‌ను గుర్తించడానికి రసాయన శాస్త్రవేత్తలు ఈ గుణాన్ని ఉపయోగించుకున్నారు.

గుడ్డకు రంగు వేయడం

మొక్కల నుంచి వచ్చే రంగుల్లో అధిక భాగం పటిక వంటి లవణం సాయం లేకుండా గుడ్డను పట్టుకోలేవు. పసుపు అందుకు మినహాయింపు: దాని అణువు బల్లపరుపుగా, పొడవుగా ఉండటం వల్ల నూలు పోగుకు నేరుగా అతుక్కుంటుంది. నూలు, ఉన్ని, పట్టు మూడూ దీన్ని తీసుకుంటాయి, వాటిలో పట్టుకు వచ్చే మెరుపు వేరు. పాలిస్టర్‌కు ఇంటి పొయ్యి మీద అందే వేడిలో రంగు సరిగా పట్టదు, పట్టినా ఎగుడుదిగుడుగా ఉంటుంది.

100 గ్రాముల పొడి గుడ్డను ప్రమాణంగా తీసుకుని కొలతలు చెబుతాను. మొదట గుడ్డను శుభ్రం చేయాలి. కొత్త గుడ్డ మీద గంజి, మైనం, నూనె ఉంటాయి, అవి ఉన్నచోట రంగు దిగదు. నూలు అయితే చాకలి సోడా ఒక చెంచా, కొద్దిగా సబ్బు వేసిన నీటిలో గంటసేపు సన్నని సెగ మీద ఉడికించండి. పట్టు, ఉన్నికి సోడా వద్దు, గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బు చాలు. ఉడికించిన తర్వాత నాలుగైదు నీళ్లలో జాడించి, చివరి నీటిలో రెండు చెంచాల వెనిగర్ కలపండి. ఈ చివరి జాడింపును ఎవరూ పట్టించుకోరు, కానీ పోగుల్లో సోడా మిగిలిపోతే రంగు దిగే వేళ ఆ చోట్ల ఎర్రటి మచ్చలు తేలేది అందుకే.

పటిక తప్పనిసరి కాకపోయినా వాడమనే నా సలహా. గుడ్డ బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్ల పటిక, అంటే 100 గ్రాములకు 10 నుంచి 15 గ్రాములు, వేడినీటిలో కరిగించి గుడ్డను అందులో గంటసేపు నానబెడితే ఛాయ మరింత తేటపడుతుంది, ఉతుకులకు కొంచెం ఎక్కువ నిలుస్తుంది. నూలుకు పటిక ఒంటరిగా అంత బాగా అంటదు, దానికి ముందు కరక్కాయ నీటిలో ముంచడం మంచిది. పటిక ఎండను తట్టుకునే శక్తిని ఇవ్వదని మాత్రం ముందే తెలుసుకోండి.

రంగు నీటికి 30 గ్రాముల పసుపు పొడి తీసుకోండి. లేత ఛాయ చాలనుకుంటే 10 గ్రాములు సరిపోతుంది. పొడిని నేరుగా నీళ్లలో వేయకుండా ముందు 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌తో పలుచని ముద్దలా కలిపి అరగంట ఉంచి, ఆ తర్వాత స్టీలు పాత్రలో సిద్ధంగా ఉంచిన మూడు లీటర్ల నీటిలో పొయ్యి వెలిగించకముందే పోసి కలపండి. ఇంత నీటిలో అంత కొద్ది ఆల్కహాల్ పలచబడిపోతుంది, అయినా కిటికీలు తెరిచి ఉంచండి. ఇనుప పాత్ర, రాగి పాత్ర వద్దు, లోహం రంగులో కలిసి ఛాయను మార్చేస్తుంది. రేణువులు గుడ్డకు చిక్కకుండా ఉండాలంటే ఈ నీటిని పల్చని గుడ్డలో ఒకసారి వడకట్టుకోండి. చివరగా రెండు చెంచాల వెనిగర్ కలపండి. నీళ్లలో సహజంగా ఉండే కొద్దిపాటి క్షారాన్ని అది విరిచేస్తుంది, రంగు నిమ్మపండు పచ్చ వైపు నిలబడుతుంది.

గుడ్డను మామూలు నీటిలో పూర్తిగా తడిపి, పిండి, ముడతలు లేకుండా విప్పి రంగు నీటిలో దించండి. పొడి గుడ్డను దించితే తడి ఎక్కిన చోట ముందు, ఎక్కని చోట తర్వాత రంగు పట్టి చారలు పడతాయి. సన్నని సెగ మీద నెమ్మదిగా 80 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కనిచ్చి, తెర్లనివ్వకుండా ముప్పావుగంట నుంచి గంట వరకు అక్కడే నిలపండి. ఉష్ణమాపిని లేకపోతే పాత్ర అంచుల వెంట చిన్న చిన్న బుడగలు మొదలై, ఆవిరి లేస్తూ, నీరు ఇంకా పొంగని స్థితి గుర్తు. పట్టుకు ఇంతకన్నా తక్కువ వేడి చాలు. ఉన్నిని చల్లని నీటి నుంచి వేడి నీటిలోకి ఒక్కసారిగా మార్చకూడదు, ముద్దకట్టి కుంచించుకుపోతుంది. ఐదు నిమిషాలకొకసారి కర్రతో గుడ్డను తిప్పుతూ ఉండటం విసుగు పుట్టించే పనే, కానీ అందులో బద్ధకించిన ఫలితం గుడ్డ మీద శాశ్వతంగా కనబడుతుంది. పొయ్యి ఆర్పాక గుడ్డను ఆ నీటిలోనే రాత్రంతా చల్లారనివ్వండి. తడిగా ఉన్నప్పుడు కనిపించే ఛాయను చూసి సంతోషించవద్దు, ఆరాక అది కనీసం రెండు మెట్లు లేతబడుతుంది.

మర్నాడు చల్లటి నీటిలో, చివరిసారి వెనిగర్ చుక్కలు వేసిన నీటిలో జాడించి, నీడలో ఆరవేయండి. నీడలో అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. నేను మొదటిసారి రంగు వేసిన నూలు కండువాను సరదాగా మేడ మీద తీగకు వేసి పొద్దుపోయేదాకా మరచిపోయాను. దించి చూస్తే తీగ మీద మడత పడిన లోపలి భాగం నిండు పసుపుగా, ఎండ చూసిన భాగం పాలిపోయి ఉంది. మధ్యలో గీత గీసినట్టు సరిహద్దు. ఆ గీత తర్వాత ఎన్ని ఉతుకులు వేసినా పోలేదు.

ఏ గుడ్డనైనా వాడకంలో పెట్టేముందు ఆ పరీక్షే మీరు కావాలని చేయవచ్చు. రంగు వేసిన గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి, సగానికి నల్ల కాగితం చుట్టి, ఎండ పడే కిటికీలో వారం రోజులు ఉంచి విప్పి చూడండి. రంగులు వెలుతురును ఎంత తట్టుకుంటాయో కొలిచే 1 నుంచి 8 వరకు ఉన్న నీలి ఉన్ని కొలమానంలో పసుపు అట్టడుగు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల కిటికీ తెరలకు, బయట తిరిగేటప్పుడు వేసుకునే బట్టలకు నేను దీన్ని సిఫారసు చేయను. పెట్టెల లోపలి పొరలకు, సంచులకు, అరుదుగా తీసే వస్త్రాలకు, కొద్దికాలం కోసం చేసే అలంకరణలకు బాగుంటుంది. నీలిమందు వేసిన గుడ్డ మీద పసుపు ఎక్కిస్తే మొదట కంటికి ఇంపైన ఆకుపచ్చ వస్తుంది గానీ పసుపు వెలిసినకొద్దీ అది తిరిగి నీలమవుతుంది. వేరే మొక్కల పసుపుపచ్చ రంగులకూ ఈ బాధ ఉంది, పాత యూరోపియన్ అల్లిక తెరలలో చెట్ల ఆకులు ఇవాళ నీలంగా కనిపించడానికి ఇదే కారణం. ఆకుపచ్చ కోరేవారు ఈ సంగతి తెలిసి చేయాలి. రంగు ముదరాలంటే గుడ్డ బరువులో నూటికి 1 లేక 2 పాళ్ల అన్నభేది (ఇనుప లవణం) కరిగించిన నీటిలో కొద్ది నిమిషాలు ముంచితే ముదురు ఆలివ్ ఛాయ వస్తుంది, అంతకు మించితే ఇనుము పోగును బలహీనపరుస్తుంది.

ఆహారంలో రంగుగా

కర్క్యుమిన్‌కు ఆహార రంగుగా ‘ఈ-100’ (E100) అనే సంకేతం ఉంది. ఇంట్లో వాడుకోవడానికి ఆల్కహాల్ సారం కన్నా నూనె సారం సురక్షితం. వాసన లేని నూనె 100 మిల్లీలీటర్లను 60, 70 డిగ్రీల మధ్య వెచ్చజేసి, 5 గ్రాముల పొడి వేసి అరగంట ఉంచి, తేరుకున్నాక వడకట్టండి. నూనె ఆల్కహాల్ అంత రంగును పీల్చుకోలేదు, కానీ వంటకాన్ని పచ్చబరచడానికి ఆ మాత్రం చాలు. వంటసోడా ఎక్కువైన పిండిలో ఇది ఎర్రబడుతుంది, పులుపు ఉన్నచోట నిలకడగా ఉంటుంది. గాజు సీసాలో వెలుతురు పడేలా పెట్టిన పానీయంలో వారాల్లోనే వెలిసిపోతుంది.

రంగుగా కలిపే కర్క్యుమిన్‌కు అంతర్జాతీయంగా అంగీకరించిన రోజువారీ పరిమితి శరీరం బరువులో కిలోకు 3 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు. నూటికి 3 పాళ్లు రంగు ఉన్న పొడిలో లెక్కిస్తే అది 6 గ్రాములు, కాబట్టి వంటలో వేసే చిటికెళ్లతో ఎవరూ ఆ హద్దు దాటరు. దాటేది గాఢమైన మాత్రలతో. కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చాలా కొద్దిగానే చేరుతుంది. మిరియాలలోని పైపెరిన్ కలిపితే అది ఎన్నో రెట్లు పెరుగుతుందని 1998లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది, అప్పటినుంచి ఆ కలయికతో మాత్రలు వస్తున్నాయి. అటువంటి మాత్రలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కాబట్టి ఈ సారాన్ని రంగుగానే వాడుకోండి, మందుగా తాగడానికి తయారు చేసుకోకండి.

నిల్వ, మరకలు

ఆల్కహాల్ సారాన్ని ముదురు గోధుమ రంగు సీసాలో నిండుగా నింపి, మూత బిగించి, పేరు, తేదీ, తాగకూడదన్న హెచ్చరిక రాసి, మంటకూ పిల్లల చేతికీ అందకుండా చీకట్లో ఉంచండి. ముదురు సీసా లేకపోతే మామూలు సీసాకు నల్ల కాగితం చుట్టినా సరిపోతుంది. పరీక్ష కాగితాలకు కూడా ఇదే జాగ్రత్త. నూనె సారాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, నూనె వాసన మారకముందే వాడేయండి.

ఇంత పని జరిగాక చేతుల మీద, బల్ల మీద, చొక్కా మీద మరకలు తప్పవు. బల్ల మీద పడిన మరకను నీళ్లతో తుడిస్తే అంతటా పాకుతుంది. దూదికి ఆల్కహాల్ అద్ది మరక అంచు నుంచి మధ్యకు తుడిచి, దూదిని మార్చుతూ పోవాలి. మెరుగు పెట్టిన చెక్క మీద ముందు కనిపించని మూల పరీక్షించండి, ఆల్కహాల్ మెరుగును కూడా కరిగించవచ్చు. గుడ్డ మీద మరకకు సబ్బు పెట్టగానే ఎర్రబడితే భయపడకండి, రక్తపు మరకలా కనిపించినా అది క్షారానికి ఇచ్చిన జవాబు మాత్రమే, శుభ్రంగా జాడించేసరికి మళ్లీ పచ్చబడుతుంది. మిగిలిన ఆ పచ్చదనాన్ని వదిలించడానికి, రంగు వేసిన గుడ్డ విషయంలో ఏది వద్దని పదేపదే చెప్పానో అదే చేయండి: తడి ఆరకముందే గుడ్డను మరక పైకి వచ్చేలా పరిచి మిట్టమధ్యాహ్నపు ఎండలో వదిలేయండి. ఆరినప్పుడల్లా కాస్త తడిపి మళ్లీ ఎండకు పెడితే మామూలు మరక ఒకటి రెండు రోజుల్లో కంటికి కనిపించకుండా పోతుంది.